ఆంప్లిఫైయర్‌కు స్పీకర్ జత కుదర్చడం: అమీర్‌పేట, పంజాగుట్టల నేపథ్యంలో ఒక సాంకేతిక చరిత్ర

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• స్పీకర్ అవరోధం అంటే ఏమిటో, ఆంప్లిఫైయర్‌తో దానికి ఉన్న సంబంధం ఏమిటో వివరించగలుగుతారు.
• వాల్వుల కాలం నుంచి ట్రాన్సిస్టర్ల కాలానికి వచ్చేసరికి 'మ్యాచింగ్' అనే మాటకు అర్థం ఎలా మారిందో చర్చించగలుగుతారు.
• ఇళ్లలో తక్కువ ఓమ్‌ల స్పీకర్లు పెరగడానికి గల కారణాలను విశ్లేషించగలుగుతారు.
• ఒక వస్తువు వెనుక అంటించిన లేబుల్‌ను చారిత్రక ఆధారంగా పరిశీలించగలుగుతారు.

1.1 ప్రస్తావన

చరిత్ర అనగానే మనకు రాజవంశాలు, యుద్ధాలు, ఒడంబడికలు గుర్తుకు వస్తాయి. మన ఇంట్లో గోడకు ఆనించి పెట్టిన స్పీకరు పెట్టెకు కూడా చరిత్ర ఉంటుంది. దాని వెనుక ఒక చిన్న చీటీ మీద '8 ఓమ్‌లు' అనో, '4 ఓమ్‌లు' అనో రాసి ఉంటుంది. కొనేవారిలో చాలామంది ఆ అంకెను చూడరు. ఒకవేళ చూసినా పక్కనే పెద్ద అక్షరాలతో ఉన్న వాట్ల అంకెనే చూస్తారు. కానీ ఆంప్లిఫైయర్ పదేళ్లు పనిచేస్తుందా, రెండో నెలలోనే కాలిపోతుందా అనేది చాలా సందర్భాలలో ఆ చిన్న అంకె మీద ఆధారపడి ఉంటుంది.

ఆ అంకె 8 నుంచి 4కు ఎందుకు దిగింది? దానిని గురించి మెకానిక్కులు చెప్పే సూత్రాలు ఎక్కడి నుంచి వచ్చాయి? వాటిలో నేటికీ చెల్లుబాటు అయ్యేవి ఏవి, కాలం చెల్లినవి ఏవి? ఈ ప్రశ్నలకు సమాధానం వెతకడమే ఈ పాఠం ఉద్దేశం. ఉదాహరణకు హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాలను తీసుకుందాం. సినిమా స్టూడియో, శిక్షణ సంస్థలు, విద్యార్థుల హాస్టళ్లు, అపార్ట్‌మెంట్లు, ఎలక్ట్రానిక్ వస్తువుల షోరూములు ఇలా ఒకదాని పక్కన ఒకటి ఉన్న చోటు మన రాష్ట్రంలో మరొకటి కనిపించడం కష్టం. ధ్వని పరికరాలు మధ్యతరగతి ఇళ్లలోకి ఎలా వచ్చాయో తెలుసుకోవడానికి ఇది తగిన ప్రాంతం.

మీలో కొందరు దుకాణాలలో, మరమ్మతు కేంద్రాలలో పనిచేస్తూ చదువుకుంటున్నవారు కావచ్చు. అటువంటివారికి ఈ విషయం పరీక్షకు మాత్రమే కాక జీవనోపాధికి కూడా సంబంధించినది.

1.2 అవరోధం: కొన్ని ప్రాథమిక భావనలు

స్పీకరు లోపల అయస్కాంతం మధ్య ఒక సన్నని తీగచుట్ట ఉంటుంది. ఆంప్లిఫైయర్ పంపే విద్యుత్ ప్రవాహం ఆ చుట్ట గుండా పోయినప్పుడు చుట్ట ముందుకూ వెనుకకూ కదులుతుంది. దానికి అతికించిన కాగితపు శంకువు గాలిని కదిలిస్తుంది. అదే మనకు ధ్వనిగా వినిపిస్తుంది.

ప్రవాహాన్ని అడ్డుకొనే గుణాన్ని ఏకముఖ విద్యుత్తు విషయంలో నిరోధం అంటాం. పాట, మాట వంటి సంకేతాలు నిరంతరం దిశ మార్చుకొనే ఏకాంతర విద్యుత్తు రూపంలో ఉంటాయి. వాటికి ఎదురయ్యే మొత్తం అడ్డంకిని అవరోధం లేదా ఇంపీడెన్స్ అంటాం. రెంటికీ కొలమానం ఓమే. అయితే నిరోధం స్థిరంగా ఉంటుంది, అవరోధం పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంది. అందువల్ల '8 ఓమ్‌ల స్పీకర్' అన్నప్పుడు అది అన్ని స్వరాల వద్దా 8 ఓమ్‌లే చూపుతుందని భావించరాదు. ఒకచోట 30 ఓమ్‌లకు పెరగవచ్చు, మరొకచోట 6.5కు దిగవచ్చు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం కనిష్ఠ అవరోధం పెట్టె మీద రాసిన విలువలో 80 శాతానికి తగ్గరాదు. అంటే 8 ఓమ్‌లు అని రాసిన స్పీకరు 6.4 కంటే, 4 ఓమ్‌లు అని రాసినది 3.2 కంటే కిందికి దిగకూడదు. తయారీదారులందరూ ఈ నియమాన్ని పాటిస్తారని చెప్పలేం.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. ఒక ఆంప్లిఫైయర్ 20 ఓల్టుల సంకేతాన్ని ఇస్తోందనుకుందాం. దానికి 8 ఓమ్‌ల స్పీకరు తగిలిస్తే 2.5 ఆంపియర్ల ప్రవాహం, 50 వాట్ల సామర్థ్యం వస్తాయి. 4 ఓమ్‌ల స్పీకరు తగిలిస్తే 5 ఆంపియర్లు, 100 వాట్లు వస్తాయి. రెండు 4 ఓమ్‌ల స్పీకర్లను సమాంతరంగా కలిపితే మొత్తం 2 ఓమ్‌లే అవుతుంది. అప్పుడు 10 ఆంపియర్లు, 200 వాట్లు కావాలి. ఓమ్‌లు తగ్గుతున్నకొద్దీ ఆంప్లిఫైయర్ మీద భారం పెరుగుతుందన్న మాట. వ్యవహారంలో 'తక్కువ ఓమ్‌ల స్పీకర్ తేలిక' అనుకొనేవారు ఉన్నారు. వాస్తవం దానికి పూర్తిగా వ్యతిరేకం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
రెండు 8 ఓమ్‌ల స్పీకర్లను (అ) సమాంతరంగా, (ఆ) శ్రేణిలో కలిపితే మొత్తం అవరోధం ఎంత? ఆంప్లిఫైయర్‌కు ఏది ఎక్కువ భారం?

1.3 వాల్వుల కాలం: ట్రాన్స్‌ఫార్మర్ చేసిన మధ్యవర్తిత్వం

కదిలే తీగచుట్ట భావనకు ఆలివర్ లాడ్జ్ 1898లోనే పేటెంట్ పొందాడు. కానీ నేటి స్పీకర్లకు మూలరూపం అనదగినదాన్ని అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో ప్రకటించారు. మరుసటి సంవత్సరమే అది మార్కెట్లోకి వచ్చింది. అంతకుముందు వాడిన ఇయర్‌ఫోన్లు, బూరా ఆకారపు స్పీకర్లు వేల ఓమ్‌ల అవరోధం కలవి. వాటిని నేరుగా వాల్వుకు తగిలించేవారు. కొత్త స్పీకరు తీగచుట్ట తేలికగా, చిన్నదిగా ఉండాలి కనుక దాని అవరోధం కొద్ది ఓమ్‌లకు మించదు. ఇక్కడే అసలు సమస్య మొదలైంది.

వాల్వు సుమారు 250 ఓల్టుల వద్ద పనిచేస్తుంది కానీ చాలా తక్కువ ప్రవాహాన్నే ఇవ్వగలదు. స్పీకరుకు కావలసింది ఎక్కువ ప్రవాహం, తక్కువ ఓల్టేజి. ఈ రెంటి మధ్య పొత్తు కుదర్చడానికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల నిష్పత్తి వర్గానికి అనుగుణంగా అవరోధాన్ని మార్చి చూపుతుంది. ఉదాహరణకు ఈఎల్84 అనే ప్రసిద్ధ వాల్వుకు సుమారు 5,000 ఓమ్‌ల భారం అనుకూలం. 8 ఓమ్‌ల స్పీకరును దానికి 5,000గా చూపించాలంటే 625 రెట్లు పెంచాలి. 625కు వర్గమూలం 25. కాబట్టి 25:1 నిష్పత్తి గల ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. అదే చోట 4 ఓమ్‌ల స్పీకరు తగిలిస్తే వాల్వుకు 2,500 ఓమ్‌లే కనిపిస్తాయి. సామర్థ్యం తగ్గుతుంది, ధ్వని వికృతమవుతుంది. అందువల్లనే ఆనాటి ఆంప్లిఫైయర్ల వెనుక 4, 8, 16 అని వేర్వేరు మొనలు ఉండేవి. స్పీకరు మీది అంకెను చూసి సరిగ్గా అదే మొనకు తగిలించాలి. 'మ్యాచింగ్' అనే మాటకు ఆనాడు అర్థం ఇదే.

హైదరాబాదులో ఈ కాలం దక్కన్ రేడియోతో మొదలవుతుంది. నిజాం ప్రభుత్వ ఆధ్వర్యంలో అది 1935 ఫిబ్రవరి 3న 200 వాట్ల ప్రసార సామర్థ్యంతో ప్రసారాలు ప్రారంభించింది. 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో భాగమైంది. ఆ రోజుల్లో రేడియో సంపన్నుల ఇళ్ల హాలులోనే ఉండేది. దానికి తపాలా కార్యాలయంలో లైసెన్సు రుసుము కట్టాలి. మర్ఫీ, ఫిలిప్స్, బుష్ వంటి పెట్టెలలో ఆంప్లిఫైయరూ, ట్రాన్స్‌ఫార్మరూ, స్పీకరూ ఒకే చెక్క డబ్బాలో అమర్చి వచ్చేవి. జత కుదర్చే పని కర్మాగారంలోనే పూర్తయ్యేది కనుక ఇంటివారికి ఆ బెడద లేదు.

ఇంటి బయట పరిస్థితి వేరు. పెళ్లిళ్లు, సభలు, గుడి ఉత్సవాలకు 'మైకు సెట్టు' కట్టేవారికి ఓమ్‌లతో నిత్యం పని. వారి ఆంప్లిఫైయర్ల వెనుక ఓమ్‌ల మొనలతో పాటు 70, 100 ఓల్టుల లైను మొనలు కూడా ఉంటాయి. 100 ఓల్టుల లైను మీద 10 వాట్లు తీసుకొనే హారన్ 1,000 ఓమ్‌ల భారంగా కనిపిస్తుంది. కాబట్టి వీధి పొడవునా అటువంటివి అనేకం కట్టవచ్చు. అన్ని హారన్ల వాట్లనూ కూడి, ఆ మొత్తం ఆంప్లిఫైయర్ సామర్థ్యానికి మించకుండా చూసుకుంటే చాలు. మన ప్రాంతంలో స్పీకర్ భారాన్ని లెక్కగట్టే విద్యను మొదట అలవరచుకొన్న వర్గాలలో మైకు సెట్ల వారిని తప్పక చేర్చాలి.

అమీర్‌పేటను ఆనుకొని సారథి స్టూడియోస్ 1950ల ద్వితీయార్థంలో వెలిసింది. 1959లో విడుదలైన 'మా ఇంటి మహాలక్ష్మి'ని హైదరాబాదులోనే పూర్తిగా నిర్మించిన తొలి తెలుగు చిత్రంగా పేర్కొంటారు. స్టూడియోలోనూ, సినిమా హాలులోనూ ధ్వని వ్యవస్థను చూసుకోవడానికి శిక్షణ పొందిన మనిషి ఉంటాడు. ఇంట్లో అటువంటివాడు ఉండడు. ఇంటి ఆడియో చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ భేదం ముఖ్యం.

1.4 ట్రాన్సిస్టర్ రాక: తిరగబడిన సూత్రాలు

1956లో హెచ్.సి. లిన్ అనే ఇంజనీరు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అవసరం లేని ట్రాన్సిస్టర్ ఆంప్లిఫైయర్ నిర్మాణాన్ని ప్రకటించాడు. 1960లలో 2ఎన్3055 వంటి దృఢమైన సిలికాన్ ట్రాన్సిస్టర్లు వచ్చాయి. ట్రాన్సిస్టర్ స్వభావం వాల్వుకు విరుద్ధం. అది తక్కువ ఓల్టేజి వద్ద ఎక్కువ ప్రవాహాన్ని ఇవ్వగలదు. కాబట్టి స్పీకరును నేరుగా తగిలించవచ్చు. బరువైన, ఖరీదైన ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ తొలగిపోయింది. ధర తగ్గింది. మధ్యతరగతికి స్టీరియో అందుబాటులోకి రావడానికి ఇది ఒక ప్రధాన కారణం.

అయితే మధ్యవర్తి తొలగిపోవడంతో ప్రమాదం కూడా స్థానం మార్చుకుంది. వాల్వు ఆంప్లిఫైయర్‌ను స్పీకరు తగిలించకుండా గట్టిగా మోగిస్తే ట్రాన్స్‌ఫార్మర్‌లో అధిక ఓల్టేజి పుట్టి చుట్లు దెబ్బతింటాయి. అందుకే పాత మెకానిక్కులు 'స్పీకర్ లేకుండా సెట్టు వేయవద్దు' అని హెచ్చరించేవారు. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫైయర్‌కు స్పీకరు లేకపోయినా సాధారణంగా ముప్పు లేదు. దానికి ముప్పు తీగలు ఒకదానికొకటి తగిలినప్పుడు, లేదా ఓమ్‌లు మరీ తక్కువైనప్పుడు. సరఫరా ఓల్టేజి మారనప్పుడు భారం ఓమ్‌లు సగమైతే ట్రాన్సిస్టర్లలో పుట్టే వేడి సుమారు రెట్టింపు అవుతుంది. మొదటి కాలపు భయం తెగిన తీగ గురించి, రెండో కాలపు భయం కలిసిన తీగ గురించి. సాంకేతికత మారినా పాత హెచ్చరిక మాత్రం గురుశిష్య పరంపరగా కొనసాగింది. ఒక వృత్తిలో సూత్రం దాని కారణం నుంచి ఎలా విడిపోతుందో చూపడానికి ఇది చక్కని ఉదాహరణ.

1.5 'మ్యాచింగ్': మాట నిలిచింది, అర్థం మారింది

'ఆంప్లిఫైయర్ ఓమ్‌లు, స్పీకర్ ఓమ్‌లు సమానంగా ఉండాలి' అని మీరు వినే ఉంటారు. ఈ అభిప్రాయానికి మూలం 1840ల ప్రాంతంలో మోరిట్జ్ జాకోబీ ప్రతిపాదించిన సూత్రంలో ఉంది. ఒక జనకం అంతర్నిరోధానికి సమానమైన భారం తగిలించినప్పుడు దాని నుంచి గరిష్ఠ సామర్థ్యం లభిస్తుందని ఆ సూత్రం చెబుతుంది. కానీ ఆ స్థితిలో సగం శక్తి జనకంలోనే వేడిగా వ్యర్థమవుతుంది.

ఈ సూత్రాన్ని తప్పుగా అన్వయించి, విద్యుత్ యంత్రాల దక్షత 50 శాతానికి మించదని 19వ శతాబ్దంలో చాలామంది నమ్మారు. ఎడిసన్, ఆయన సహచరుడు ఫ్రాన్సిస్ అప్టన్ అందుకు భిన్నంగా ఆలోచించారు. గరిష్ఠ సామర్థ్యం వేరు, గరిష్ఠ దక్షత వేరు అని గుర్తించి, అంతర్నిరోధం చాలా తక్కువగా ఉండే డైనమోను 1880 ప్రాంతంలో రూపొందించారు. భారంతో పోలిస్తే జనకం నిరోధం ఎంత తక్కువైతే అంత మేలు అని నిరూపించారు.

నేటి ట్రాన్సిస్టర్ ఆంప్లిఫైయర్ ఈ రెండో మార్గానికి చెందినది. 1927లో బెల్ ప్రయోగశాలల ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ కనుగొన్న రుణాత్మక పునర్నివేశ పద్ధతి వల్ల దాని అంతర్గత అవరోధం 0.1 ఓమ్‌కు, అంతకన్నా తక్కువకు దిగుతుంది. అటువంటి ఆంప్లిఫైయర్ వెనుక '8 ఓమ్‌లు' అని రాసి ఉంటే అది దాని సొంత అవరోధం కాదు. ఏ భారానికి దానిని రూపొందించారో తెలిపే సూచన మాత్రమే. '4 నుంచి 16 ఓమ్‌లు' అని ఉంటే 4 కంటే తక్కువ తగిలించవద్దని అర్థం. 16 తగిలిస్తే ధ్వని కాస్త తగ్గుతుందే కానీ నష్టం లేదు.

కాబట్టి వాల్వుల కాలంలో 'మ్యాచింగ్' అంటే సమానం చేయడం. ట్రాన్సిస్టర్ల కాలంలో 'మ్యాచింగ్' అంటే భారం హద్దు దాటకుండా చూడడం. ఒకే మాట రెండు వేర్వేరు పనులను సూచిస్తోంది. చరిత్ర విద్యార్థులుగా మీరు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. పాత పత్రాలలోని పదాన్ని నేటి అర్థంతో చదివితే పొరపడతాం. పాత పదాన్ని పాత అర్థంతోనే నేటి యంత్రానికి అన్వయించినా పొరపడతాం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
8 ఓమ్‌ల స్పీకరును '4 నుంచి 16 ఓమ్‌లు' అని రాసిన ఆంప్లిఫైయర్‌కు తగిలించవచ్చా? మీ సమాధానానికి కారణం రెండు వాక్యాలలో రాయండి.

1.6 కూర్చిన సెట్ల కాలం

1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ ఏర్పడింది. 1977 అక్టోబర్ 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. 1982లో దేశంలో రంగుల ప్రసారాలు వచ్చాయి. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం స్థాపితమై, ఆకాశవాణి పాఠాలు దూరవిద్యలో భాగమయ్యాయి. స్పీకరు వినోద సాధనంగానే కాక తరగతి గదిగా కూడా మారిన కాలమిది.

దిగుమతులపై ఆంక్షలు, అధిక సుంకాలు ఉన్నందున విదేశీ స్టీరియో సెట్లు సామాన్యులకు దొరికేవి కావు. గల్ఫ్ దేశాలకు వెళ్లిన హైదరాబాదీ కుటుంబాలు తెచ్చుకొన్న జపాన్ టేప్ రికార్డర్లు కొన్ని ఉండేవి. వాటిలో 110 ఓల్టులకు చేసినవాటిని ఇక్కడి 230 ఓల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోయేవి. అందుకని స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనవలసి వచ్చేది. ఇదీ ఒక రకమైన జత కుదర్చడమే. మిగిలినవారికి కూర్చిన సెట్లే గతి. కోఠిలోని గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొని, పరిచయమున్న మెకానిక్ చేత ఆంప్లిఫైయర్ కట్టించుకోవడం నగరమంతటా వాడుకలో ఉండేది. ఎస్‌టీకే రకం హైబ్రిడ్ ఐసీలు, ఎల్ఏ4440 వంటి చిన్న ఐసీలు ఈ సెట్లకు ఆయువుపట్టు.

ఇక్కడ ఇంటి ఆడియో మళ్లీ మైకు సెట్టు స్థితికి వచ్చిందని చెప్పవచ్చు. పెట్టె ఒకరు చేస్తారు, ఆంప్లిఫైయర్ మరొకరు కడతారు, స్పీకర్లు ఇంకొకచోట కొంటారు. జత కుదర్చే బాధ్యత కర్మాగారం నుంచి మెకానిక్ చేతికి, అక్కడి నుంచి తెలియకుండానే ఇంటి యజమాని చేతికి మారింది. హాలులో రెండు స్పీకర్లు బాగా మోగుతున్నాయి కదా అని పడకగదిలో మరో రెండు పెట్టి అవే తీగలకు కలిపేవారు. 8 ఓమ్‌లది 4 అయ్యేది, 4 ఓమ్‌లది 2 అయ్యేది. కొద్ది రోజులు బాగానే మోగేది. ఒక పండగ రోజు శబ్దం పెంచగానే ఐసీ కాలిపోయేది. 'డూప్లికేట్ ఐసీ వేశాడు' అన్న నింద మెకానిక్ మీద పడేది. నకిలీ ఐసీలు మార్కెట్లో లేకపోలేదు. కానీ అసలు ఐసీ కూడా 2 ఓమ్‌ల భారాన్ని చాలాకాలం మోయలేదు. ఆ నింద వల్ల మెకానిక్ పేరుకు, యజమాని డబ్బుకు కలిగిన నష్టం ఏ లెక్కలలోనూ నమోదు కాలేదు.

1.7 సరఫరా ఓల్టేజి తగ్గింది, ఓమ్‌లూ తగ్గాయి

ఇప్పుడు మన ప్రధాన ప్రశ్నకు వద్దాం. 8 ఓమ్‌లు, 16 ఓమ్‌లు ఉన్నచోట 4 ఓమ్‌లు ఎందుకు వచ్చాయి? మూడు కారణాలను పేర్కొనవచ్చు.

మొదటిది సరఫరా ఓల్టేజి. కారులో బ్యాటరీ నడుస్తున్నప్పుడు సుమారు 14 ఓల్టులు ఉంటుంది. సాధారణ ఆంప్లిఫైయర్ దానిలో సగం, అంటే 7 ఓల్టుల శిఖరం వరకే సంకేతాన్ని ఊపగలదు. 7 వర్గం 49. దానిని ఓమ్‌ల రెట్టింపుతో భాగిస్తే సామర్థ్యం వస్తుంది. 8 ఓమ్‌లకైతే 3 వాట్లు, 4 ఓమ్‌లకైతే 6 వాట్లు. ఓల్టేజిని పెంచలేనప్పుడు ఓమ్‌లు తగ్గించడమే మార్గం. కారు స్పీకర్లు 4 ఓమ్‌లవి కావడానికి కారణం ఇదే. రెండు ఆంప్లిఫైయర్లను ఎదురెదురుగా కట్టే బ్రిడ్జి పద్ధతి మరో మార్గం. ఎల్ఏ4440 విడివిడిగా చెరో 6 వాట్లు ఇస్తే, బ్రిడ్జిగా 19 వాట్లు ఇస్తుంది. అయితే బ్రిడ్జిలో ప్రతి సగానికీ స్పీకరు ఓమ్‌లలో సగమే కనిపిస్తాయని మరువరాదు.

1990ల నుంచి అమీర్‌పేట వీధులు కంప్యూటర్ శిక్షణ కేంద్రాలతో, వాటి చుట్టూ హాస్టళ్లతో నిండాయి. మైత్రీవనం పరిసరాలకు జిల్లాల నుంచి వచ్చి చేరిన విద్యార్థి గదిలో పెద్ద స్టీరియోకు చోటు లేదు. కంప్యూటరు పక్కన పెట్టుకొనే చిన్న స్పీకర్ల జత చాలు. తరువాత అవి యూఎస్‌బీ తీగ నుంచే విద్యుత్తు తీసుకోసాగాయి. అక్కడ ఉన్నది 5 ఓల్టులే. బ్రిడ్జి పద్ధతిలో 5 వర్గాన్ని 8తో, అంటే 4 ఓమ్‌ల రెట్టింపుతో భాగిస్తే 3 వాట్లు. చౌకైన చిన్న ఆంప్లిఫైయర్ చిప్పుల మీద '3 వాట్లు, 4 ఓమ్‌లు' అని కనిపించడానికి కారణం ఈ లెక్కే. 250 ఓల్టుల వాల్వు నుంచి 5 ఓల్టుల చిప్పు వరకు చూస్తే, విద్యుత్ వనరు ఓల్టేజి తగ్గిన ప్రతిసారీ భారం ఓమ్‌లు కూడా దిగివచ్చాయి.

రెండవ కారణం ఇంటి వైశాల్యం. పంజాగుట్ట, అమీర్‌పేటలలో విడి ఇళ్ల స్థానంలో అపార్ట్‌మెంట్లు వచ్చాయి. స్పీకరు పెట్టె కూడా కుదించుకుపోయింది. పెట్టె చిన్నదై, మంద్రస్వరం లోతుగా కావాలంటే స్పీకరు సున్నితత్వం తగ్గుతుంది. ఇది భౌతిక నియమం. తగ్గిన శబ్దాన్ని కొంతైనా పూడ్చడానికి తయారీదారులు ఓమ్‌లు తగ్గించారు. అమెరికాలో ఎడ్గర్ విల్చర్ 1954లో మూసిన చిన్న పెట్టె స్పీకరును ప్రవేశపెట్టాడు. ఆయన సంస్థ 1950ల చివర తెచ్చిన ఏఆర్-3 స్పీకరు 4 ఓమ్‌లది. ఈ ధోరణి 1991 ఆర్థిక సంస్కరణల తరువాత హోం థియేటర్ సెట్ల రూపంలో మన షోరూములకు చేరింది.

మూడవ కారణం మార్కెట్ పోటీ. స్పీకరు సున్నితత్వాన్ని 2.83 ఓల్టుల వద్ద కొలవడం ఆనవాయితీ. 8 ఓమ్‌లకు ఆ ఓల్టేజి సరిగ్గా 1 వాట్ అవుతుంది, 4 ఓమ్‌లకు 2 వాట్లు అవుతుంది. అంటే 4 ఓమ్‌ల స్పీకరు రెట్టింపు సామర్థ్యం తీసుకొని, కాగితం మీద 3 డెసిబెల్స్ మెరుగ్గా కనిపిస్తుంది. షోరూములో మీట కదపకుండా ఒకదాని తరువాత ఒకటి వినిపిస్తే 4 ఓమ్‌లదే గట్టిగా మోగుతుంది. గట్టిగా మోగినదే మంచిదని కొనేవారు భావిస్తారు. ఆ అదనపు శబ్దానికి ఖర్చు భరించేది ఆంప్లిఫైయర్ అని అక్కడ ఎవరూ చెప్పరు.

1.8 లేబుల్ ఒక చారిత్రక ఆధారం

శాసనాన్ని చదివేటప్పుడు దానిని ఎవరు, ఎవరికోసం, ఏ ప్రయోజనంతో వేయించారని అడుగుతాం. లేబుల్‌ను కూడా అలాగే అడగాలి. 1990లలో చిన్న టేప్ రికార్డర్ల మీద, కంప్యూటర్ స్పీకర్ల మీద '1000 వాట్లు పీఎంపీఓ' వంటి అంకెలు కనిపించేవి. క్షణకాలపు ఊహాత్మక శిఖరాన్ని సూచించే ఆ అంకెకు నిర్దిష్ట ప్రమాణం లేదు. ఇంట్లో ప్లగ్గు దగ్గర 20 వాట్లు తీసుకొనే సెట్టు స్పీకరుకు నిరంతరాయంగా 1000 వాట్లు ఇవ్వజాలదు. శక్తి నిత్యత్వ నియమం తెలిసిన హైస్కూలు విద్యార్థి కూడా దీనిని ఖండించగలడు.

రిసీవర్ల వెనుక ఉండే '4 ఓమ్‌లు – 8 ఓమ్‌లు' మీట మరో ఉదాహరణ. 4 స్థానంలో పెడితే ఆంప్లిఫైయర్ బలపడుతుందని చాలామంది అనుకుంటారు. అనేక నమూనాలలో ఆ మీట లోపలి సరఫరా ఓల్టేజిని తగ్గిస్తుంది. దానివల్ల వేడి తగ్గుతుంది, గరిష్ఠ సామర్థ్యమూ తగ్గుతుంది. భద్రతా పరీక్షలలో వేడి హద్దు దాటకుండా ఉండేందుకు చేసిన ఏర్పాటు అది.

స్పీకరు మీది ఓమ్‌ల అంకెను కూడా సరిచూసుకోవచ్చు. స్పీకరును విడదీసి మల్టీమీటరుతో నిరోధం కొలిస్తే 8 ఓమ్‌లది సాధారణంగా 6 నుంచి 7 మధ్య, 4 ఓమ్‌లది 3 నుంచి 3.7 మధ్య చూపుతుంది. మల్టీమీటరు ఏకముఖ నిరోధాన్నే కొలుస్తుంది కనుక రాసిన విలువ కంటే కాస్త తక్కువగా రావడం సహజం. అయితే సంగీతం మోగేటప్పుడు ఏ క్షణంలో ఎంత ప్రవాహం కావాలో ఈ ఒక్క కొలత చెప్పలేదు. నిజమైన స్పీకర్లు కొన్ని సందర్భాలలో అదే ఓమ్‌ల సాధారణ నిరోధం కంటే అనేక రెట్లు ఎక్కువ శిఖర ప్రవాహాన్ని కోరతాయని ఫిన్లాండ్‌కు చెందిన మట్టి ఒటాలా 1987లో సహరచయితతో కలిసి ప్రచురించిన పత్రంలో చూపాడు.

తీగ విషయం కూడా ఇందులో భాగమే. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగను 10 మీటర్ల దూరానికి వేస్తే రానుపోను 20 మీటర్లు, సుమారు 0.34 ఓమ్‌లు. 8 ఓమ్‌ల స్పీకరుకు అందులో దాదాపు 4 శాతం సామర్థ్యం పోతుంది, 4 ఓమ్‌లదానికి దాదాపు 8 శాతం పోతుంది. తక్కువ ఓమ్‌ల స్పీకరుకు మందమైన తీగ కావాలనడానికి ఆధారం ఈ లెక్కే. వేల రూపాయల ప్రత్యేక తీగ అవసరమని దీని అర్థం కాదు. ఇంటి వైరింగుకు వాడే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు.

1.9 సారాంశం

వాల్వుల కాలంలో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఆంప్లిఫైయర్‌కూ స్పీకరుకూ మధ్య అవరోధాన్ని సమానపరచింది. ట్రాన్సిస్టర్ల రాకతో ట్రాన్స్‌ఫార్మర్ తొలగి, స్పీకరు భారం నేరుగా ఆంప్లిఫైయర్ మీద పడింది. మ్యాచింగ్ అనే మాట మాత్రం పాత అర్థపు నీడతోనే కొనసాగింది. సరఫరా ఓల్టేజి తగ్గడం, ఇళ్లూ పెట్టెలూ చిన్నవి కావడం, గట్టిగా మోగేదాన్నే ఎంచుకొనే మార్కెట్ – ఈ మూడూ కలిసి ఓమ్‌లను కిందికి దించాయి. జత కుదర్చే జ్ఞానం మొదట కర్మాగారంలో ఉండేది. తరువాత మైకు సెట్ల వారి వద్దకు, మెకానిక్కుల వద్దకు చేరింది. నేడు అన్నీ ఒకే డబ్బాలో వచ్చే బ్లూటూత్ స్పీకర్లతో అది మళ్లీ కర్మాగారంలోకి వెళ్లిపోతోంది. ఇంట్లోవారికి సౌకర్యం పెరిగింది. కాని డబ్బా పాడైతే విప్పి బాగుచేయగలవారి సంఖ్య తగ్గుతోంది. ఏ జ్ఞానం ఎవరి చేతిలో ఉంటుందనేది కూడా చరిత్రకు సంబంధించిన ప్రశ్నే.

1.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 'మ్యాచింగ్' అనే భావన వాల్వుల కాలంలోనూ, ట్రాన్సిస్టర్ల కాలంలోనూ ఎలా భిన్నంగా ఉందో చర్చించండి.
2. ఇంటి ఆడియోలో తక్కువ ఓమ్‌ల స్పీకర్లు పెరగడానికి గల కారణాలను విశ్లేషించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. గరిష్ఠ సామర్థ్యానికి, గరిష్ఠ దక్షతకు మధ్య భేదం ఏమిటి?
2. 100 ఓల్టుల లైను పద్ధతి ప్రయోజనాలు వివరించండి.

III. క్షేత్ర కార్యం
మీ ఇంట్లో లేదా మీ వీధిలో ఉన్న ఒక ఆంప్లిఫైయర్, దాని స్పీకర్ల లేబుళ్లను ఉన్నది ఉన్నట్లుగా నకలు రాసుకోండి. అది ఎప్పుడు, ఎక్కడ కొన్నారో, ఎన్నిసార్లు మరమ్మతు చేయించారో యజమానిని అడగండి. వీలైతే దానిని బాగుచేసిన మెకానిక్‌తో మాట్లాడి, ఆయన పాటించే సూత్రాలను ఆయన మాటల్లోనే రాయండి. వాటిలో ఏది ఏ కాలపు యంత్రం నుంచి వచ్చిందో ఈ పాఠం ఆధారంగా గుర్తించి, మీ అధ్యయన కేంద్రంలోని కౌన్సెలర్‌కు చూపండి. లేబుల్‌లోని అంకెకూ, మెకానిక్ మాటకూ తేడా వస్తే, రెంటిలో ఏది సరైనదో నిర్ణయించే ముందు లెక్క వేసి చూడండి.